పదిహేడో ప్రశ్న

మీ ఇంట్లో దుమ్ము పడుతుందా అని అడిగితే
మరిడమ్మ నొచ్చుకుంది.
"దుమ్మేటి? పొద్దున్న రెండుపాలు, సందేళ ఓపాలి తుడుత్తాను.
సూడు, ఎక్కడైనా అవుపడతందా?"
అవుపడలేదు.
రేవులో బొగ్గు దించిన రోజు నాలుగోపాలి కూడా తుడుస్తుందట.
"లేదు" దగ్గర టిక్కు పెట్టాను.
తలుపు వెనక మేకుకి
తుడిచిన గుడ్డ, నల్లగా, ఇంకా తడిగా,
నేను రాసింది చదువుతున్నట్టు వేలాడుతోంది.

మల్కాపురంలో నూట పన్నెండు ఇళ్లు నా వంతు.
పిల్లల ఉబ్బసం మీద పరిశోధన.
ముందు అడగాలి, తర్వాత కొలవాలి,
మనిషి మాటకీ మిషను మాటకీ ఎంత దూరమో తేల్చాలి.
మిషను టిఫిన్ డబ్బా అంత ఉంటుంది.
బీరువా మీద కూర్చుని, ఆకుపచ్చ కన్ను ఆర్పుతూ,
ఎవరి మొహమూ చూడకుండా లెక్కపెడుతుంది.
నేను మొహాలు చూస్తాను.
అదే నాతో వచ్చిన చిక్కు.

ఎల్లాజీ ఇంట్లో, పదిహేడో ప్రశ్న:
గోడలకు చెమ్మ ఉందా?
"అబ్బే, నేదండీ!" అన్నాడు, వీధి చివరికి వినబడేట్టు.
పక్క వాటాలో ఇంటి ఓనరు పేపరు మడతపెడుతున్న చప్పుడు.
అంటూనే, ఎల్లాజీ ఎడంచెయ్యి
గ్యాసు ఏజెన్సీ క్యాలెండరు అంచు పట్టుకుని
రెండు వేళ్ల మేర పక్కకి జరిపింది.
పోయినేటి తుఫాను
ఆ గోడలోంచి ఇంకా వెళ్లలేదు.
నోరు చెప్పింది రాసుకున్నాను.
చెయ్యి చెప్పినదానికి గడి లేదు.

వాసన సంగతి అడిగితే
"ఏ వాసన?" అని ఫిలోమిన నన్నే అడిగింది.
నా ముక్కు అప్పటికే చున్నీ చాటున ఉంది.
వేసవి సెలవులు పాడేరులో గడిపి మొన్ననే దిగిన వాళ్ల చిన్నది
గుమ్మంలో జడ అల్లుకుంటూ చెప్పింది:
"వచ్చిన్రోజు వాసనేసిందండి. మర్నాడు కూడా.
తర్వాత ఇల్లయిపోయింది."

పొగ ఎన్ని నిమిషాలుంటుంది?
గున్నమ్మ గోడ గడియారం వైపు చూడనైనా చూడలేదు.
"షిప్‌యార్డు సైరను కూసినప్పుడు పొయ్యి ఎలిగిత్తాను,
కుళాయొచ్చీసరికి పొగ పోద్ది."
ఇదేం కొలతని సార్ నవ్వారు.
మిషను విప్పి చూస్తే
నాలుగు నిమిషాలే తేడా. సార్ టీ తాగడానికి వెళ్లారు.

కాసులమ్మ ఒక్కతే లెక్క చెడగొట్టింది.
రాత్రిపూట గాలి ఎలా ఉంటుందంటే
"సల్లగా, హాయిగా" అంది.
మిషనులో గీత మాత్రం
రాత్రంతా కొండెక్కుతూనే ఉంది.
తప్పుడు సమాచారం అని రాయమన్నారు.
రాయబోయి, ఎందుకో మనసొప్పక,
రాత్రి తొమ్మిదింటికి మళ్లీ వెళ్లాను.

తలుపుకి తాళం.
పైనుంచి పిలిచింది. డాబా మీద ఐదుగురు,
ఒకే దోమతెర, నీళ్ల బిందె, రేడియో,
యారాడ కొండ మీంచి గాలి.
మార్చి నుంచీ పడక అక్కడేనట.
కింద, మూసిన గదిలో,
మిషను ఒక్కతే ఆ గాలి పీల్చింది.
"ఎక్కడ పడుకుంటారని నువ్వడగలేదు గదమ్మా" అంది కాసులమ్మ,
తప్పు తనదే అన్నట్టు.

వందకి అరవై ఒకటి సరిపోయాయి అని నివేదిక.
మిగిలిన ముప్పై తొమ్మిదిలో
క్యాలెండరుంది, ఓనరు దగ్గుంది, డాబా ఉంది,
రోజుకి నాలుగుసార్లు తడిసే గుడ్డ ఉంది.
ఇవేవీ పట్టిక కింద పట్టలేదు.

ఆఖరి రోజు మిషను తెచ్చుకోవడానికి వెళ్తే
మరిడమ్మ దాన్ని ఆ గుడ్డతోనే
కన్ను దగ్గరా, కన్నాల దగ్గరా శుభ్రంగా తుడిచి
చేతికిచ్చింది.
"అందరినీ అడిగీసినావు.
మరి మీ ఇంటికాడ ఏటమ్మా, గోడలకి సె..."

లేదు, అన్నాను.